నీళ్ల రిపోర్టు ‘ఓకే’ అని వచ్చిందా? ఆ సీసా ఎక్కడ, ఎలా నింపారో అడగండి

జలుబు చేసినా, ఒళ్లు దురద పెట్టినా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర సెటిరిజిన్. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో ఆ మందు బావి నీళ్లలోనే దొరికింది. స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ఒకటి అక్కడి ఆరు ఊళ్ల బావుల నుంచి నీళ్లు తీసుకెళ్లి పరీక్ష చేయించి 2009లో ఫలితాలు ప్రచురించింది. పరీక్షించిన బావుల్లో మందుల ఆనవాలు లేనిది ఒక్కటీ లేదు. చాలా బావుల్లో సిప్రోఫ్లోక్సాసిన్, సెటిరిజిన్ లాంటివి లీటరుకు ఒక మైక్రోగ్రాముకు మించి ఉన్నాయి. దగ్గరలోని రెండు చెరువుల్లో అయితే సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా వచ్చింది.

అవి ఎందుకు దొరికాయన్నది ఇక్కడ ముఖ్యం. ఆ బృందం 12 రకాల మందుల పేర్లు ముందే రాసుకుని వాటి కోసమే వెతికింది. అదే నీళ్లను మామూలు ల్యాబులో ఇస్తే పీహెచ్, టీడీఎస్, గట్టిదనం, క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్ చూసి కాగితం చేతిలో పెడతారు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సిప్రోఫ్లోక్సాసిన్‌కు పరిమితి అనేదే లేదు. అంటే మందులు కలిసిన నీళ్లకు కూడా ‘తాగడానికి పనికొస్తుంది’ అని రిపోర్టు రావచ్చు. ల్యాబు వాళ్లు మోసం చేసినట్టు కాదు, అడగని ప్రశ్నకు జవాబు రాదు, అంతే.

కాటేదాన్, జీడిమెట్ల, బొల్లారం, పరవాడ లాంటి చోట్ల ఫ్యాక్టరీ గోడకూ ఇళ్లకూ మధ్య ఒక్కోసారి రోడ్డు మాత్రమే అడ్డం. అలాంటి బస్తీల్లో జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. బోరు నీళ్లు పసుపుగా వస్తాయి, బట్టలు మరకలు పడతాయి, మసీదులో వుజూ చేసేచోట కుళాయి తిప్పగానే ఘాటు వాసన కొడుతుంది. ఎవరో ఒకరు ఖాళీ వాటర్ బాటిల్ కడిగి, నింపి, ల్యాబుకు పట్టుకెళ్తారు. రిపోర్టు బాగానే ఉందని వస్తే బస్తీ నోరు మూతపడుతుంది. చెడ్డగా వస్తే, ‘ఆ సీసా ఎక్కడ నింపారో ఎవరికి తెలుసు’ అని ఫ్యాక్టరీ వాళ్లు కొట్టిపారేస్తారు. రెండు రకాలుగానూ నష్టపోయేది ఆ నీళ్లు వాడే ఇళ్లవాళ్లే. అందుకే కాలుష్యాన్ని పట్టుకోవడానికి బావి ఎలా తవ్వుతారో, నీళ్లు ఎలా తీస్తారో, మట్టి ఎక్కడి నుంచి ఎత్తుతారో తెలిసి ఉండటం మంచిది.

ఇంటి బోరులో ఎక్కడి నీళ్లు వస్తాయి?

హైదరాబాద్, దాని చుట్టుపక్కల నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ రాయి. పైన కొంత మట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి బండ. నీళ్లు మొరంలోనూ, బండలోని పగుళ్లలోనూ ఉంటాయి. ఇంటికి బోరు వేసేటప్పుడు మొరం కూలకుండా పైభాగానికి మాత్రమే కేసింగ్ దించుతారు. బండ తగిలిన తర్వాత 500 అడుగులు పోయినా, 800 అడుగులు పోయినా కింద అంతా ఖాళీ గొట్టమే. 90 అడుగుల దగ్గర ఒక పగులు, 240 దగ్గర ఇంకొకటి, 600 దగ్గర మరొకటి తగిలితే మూడింటి నీళ్లూ అదే గొట్టంలోకి దిగి కలుస్తాయి.

ఫ్యాక్టరీ నుంచి దిగిన విషం 90 అడుగుల పగులులోనే ఉందనుకోండి. కింది నుంచి వచ్చే మంచి నీళ్లు దాన్ని పలచన చేస్తాయి. రిపోర్టులో అంకె పరిమితికి కొంచెం కింద పడుతుంది. అదే పక్కింటి బోరుకు 90 అడుగుల్లోనే నీళ్లు పడి ఉంటే, వాళ్ల పిల్లలు తాగేది అసలు సరుకే. కాబట్టి ఒక వీధిలో రెండు బోర్ల రిపోర్టులు వేర్వేరుగా వస్తే ఒకటి అబద్ధమని అనుకోనక్కర్లేదు. ఒక్కో బోరు ఒక్కో లోతును చెబుతోంది, లేదా అన్ని లోతుల సగటును చెబుతోంది.

ఇంకో ప్రమాదం ఉంది. కేసింగ్ చుట్టూ ఉన్న ఖాళీని మన దగ్గర సిమెంటుతో నింపేది తక్కువ. ఆ సందులోంచి మోరీ నీళ్లు, వాన నీళ్లు నేరుగా లోపలికి జారతాయి. అలాంటి బోరులో చెడ్డ నీళ్లు వస్తే అవి భూగర్భంలో అర కిలోమీటరు నడిచి వచ్చాయా, గోడ పక్క డ్రైనేజీ నుంచి దిగాయా అన్నది చెప్పడం కష్టం. ఫ్యాక్టరీ లాయరు పట్టుకునేది సరిగ్గా ఈ పాయింటునే.

గమనించే బావి, గీసిన పరిమితి

దీనికి జవాబే మానిటరింగ్ బావి. ఇది తాగడానికీ తోడుకోవడానికీ కాదు, ఫలానా చోట, ఫలానా లోతులో ఉన్న నీళ్లు ఎలా ఉన్నాయో చూడటానికే. చూడ్డానికి చాలా చిన్నది. నాలుగు నుంచి ఆరంగుళాల రంధ్రం వేసి, అందులో సాధారణంగా రెండంగుళాల పీవీసీ పైపు దించుతారు. పైపు కింది భాగానికి మాత్రమే సన్నని చీలికలు ఉంటాయి. ఎన్ని అడుగుల మేర చీలికలు ఉంటే అన్ని అడుగుల నీళ్లే లోపలికి వస్తాయి. పైన ఉన్నదంతా మూసిన పైపు.

పైపు ముక్కలను గమ్‌తో అతికించకూడదు, మరలు తిప్పి బిగించాలి. పీవీసీ గమ్‌లో ఉండే సాల్వెంట్లు నీళ్లలోకి దిగితే, రేపు పరీక్షలో సాల్వెంటు కనిపించినప్పుడు అది ఫ్యాక్టరీదా గమ్‌దా అన్న వాదన మొదలవుతుంది. డ్రిల్లింగ్ మెషీన్ నుంచి కారే నూనె, రాడ్లకు పూసే గ్రీజు కూడా ఇదే తకరారు తెస్తాయి. అందుకే ఒక బావి నుంచి ఇంకో బావికి వెళ్లే ముందు రాడ్లూ బిట్లూ ఆవిరితోనో వేడి నీళ్లతోనో కడగాలి. మొదట శుభ్రంగా ఉంటుందని అనుకునే చోట తవ్వి, ఆఖరున మురికి చోటికి రావాలి.

చీలికల పైపు చుట్టూ కడిగిన ఇసుక పోస్తారు. ఇసుక చీలికల పై అంచు దాటి రెండడుగులు లేచాక దాని మీద బెంటోనైట్ పొర వేస్తారు. ఎర్తింగ్ గుంటల్లో ఎలక్ట్రీషియన్లు పోసే పొడి అదే. తడి తగలగానే ఉబ్బి, పై నీళ్లు కిందికి పోకుండా బిరడాలా పట్టేస్తుంది. ఆ పైన నేల మట్టం దాకా సిమెంటు, బెంటోనైట్ కలిపిన గ్రౌటు. పైన ఇనుప గొట్టం, మూత, తాళం, చుట్టూ నీళ్లు బయటికి జారేలా వాలుగా వేసిన కాంక్రీటు గద్దె. తాళం లేని మానిటరింగ్ బావికి విలువ లేదు, ఎవరైనా ఏదైనా పోసి ఉండొచ్చు కదా.

చీలికలు ఏ లోతులో పెట్టాలన్నది వెతికే విషాన్ని బట్టి ఉంటుంది. పెట్రోలు బంకు ట్యాంకు కారితే పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది. కాబట్టి చీలికలు నీటిమట్టానికి కొంత పైన, కొంత కింద ఉండాలి. మొత్తం నీళ్ల కిందే పెడితే తేలే పెట్రోలు ఆ పైపులోకి రానే రాదు. మందుల ఫ్యాక్టరీలు, డ్రైక్లీనింగ్ వాడే క్లోరిన్ సాల్వెంట్లు ఇందుకు విరుద్ధం. అవి నీళ్ల కంటే బరువు, అడుగుకు దిగి బండ పగుళ్లలో కూర్చుంటాయి. పైన ఒకటి, కింద ఒకటి, పక్కపక్కనే రెండు మూడు బావులు వేర్వేరు లోతుల్లో తవ్వేది అందుకే. ఇక తెలంగాణలో మే నెలకూ అక్టోబరుకూ నీటిమట్టం ఎన్నో అడుగులు తేడా పడుతుంది. వానాకాలం చివర చూసి చీలికలు పెడితే ఎండాకాలానికి ఆ బావి ఎండిపోయి నిలబడుతుంది.

నీళ్లు ఎటు నడుస్తున్నాయి?

ఒక్క బావితో పని కాదు. భూమి కింద నీళ్లు ఎటు వెళ్తున్నాయో తెలియాలంటే కనీసం మూడు బావులు, అవీ ఒకే గీతలో కాకుండా త్రిభుజంలా ఉండాలి. ఒక్కో పైపు అంచు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో సర్వేయరు కొలుస్తాడు. తర్వాత టేపు దించి నీళ్లు ఎంత కింద ఉన్నాయో చూసి, ఎత్తులోంచి తీసేస్తారు. ఉదాహరణకు ఆ లెక్క ఒక బావిలో 531.2 మీటర్లు, రెండో దానిలో 530.6, మూడో దానిలో 530.1 అని తేలిందనుకుందాం. నీళ్లు మొదటి దాని వైపు నుంచి మూడో దాని వైపు జరుగుతున్నట్టు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ‘మా బోరులో నీళ్లు 40 అడుగుల్లో ఉన్నాయి, వాళ్లకు 60లో ఉన్నాయి, కాబట్టి మా నీళ్లే అటు పోతున్నాయి’ అనుకుంటారు. వాళ్ల ఇల్లు గుట్ట మీద ఉంటే 60 అడుగుల లోతు నీళ్లు కూడా మీ 40 అడుగుల నీళ్ల కంటే ఎత్తులోనే ఉండొచ్చు. సర్వే చేయని లోతులతో దిక్కు తేలదు.

దిక్కు తెలిశాక ఫ్యాక్టరీకి ఎగువన ఒక బావి, దిగువన రెండో మూడో బావులు. ఎగువ బావి చాలా ముఖ్యం. దుకాణం లెక్కలో ఓపెనింగ్ స్టాకు తెలియకుండా లాభం ఎంతో చెప్పలేం. అలాగే ఫ్యాక్టరీ భూమిలోకి వచ్చే ముందు నీళ్లు ఎలా ఉన్నాయో తెలియకుండా, దాటాక వచ్చిన మార్పు చెప్పలేం. నల్గొండ వైపు ఫ్లోరైడ్ రాతిలోంచే వస్తుంది, దానికి ఏ ఫ్యాక్టరీనీ తప్పు పట్టలేం. ఎగువ బావి లేని రిపోర్టు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు అనుకూలంగా తిరుగుతుంది.

గ్రానైట్ నేలలో మూడు బావులు కూడా ఒక్కోసారి చాలవని ఒప్పుకోవాలి. నీళ్లు ఇసుకలో నడిచినట్టు సమంగా నడవవు, పగులు ఎటు పోతే అటే పోతాయి. పది అడుగుల పక్కన ఉన్న బావి శుభ్రంగా ఉండి, 300 అడుగుల అవతల బోరు విషంగా ఉండొచ్చు. అందుకే తవ్వే ముందే కరెంటు పంపి నేల లోపల తడి, పగుళ్లు ఎక్కడున్నాయో చూసే రెసిస్టివిటీ సర్వే చేస్తారు. మన దగ్గర బోరు పాయింటు పెట్టే జియాలజిస్టులు తెచ్చే పెట్టె చేసేదీ ఇదే పని.

సీసా నింపే ముందు

బావిలో నిలవ ఉన్న నీళ్లు పాత సరుకు. గాలి తగిలి, పైపు తగిలి వాటి గుణం మారి ఉంటుంది. వాటిని తోడేసి, నేలలోంచి తాజాగా వచ్చే నీళ్లు పట్టాలి. పాత పద్ధతిలో గొట్టంలో ఉన్న నీళ్లకు మూడింతలు తోడేస్తారు. రెండంగుళాల పైపులో ఒక మీటరుకు సుమారు రెండు లీటర్లు పడతాయి. పది మీటర్ల నీళ్లుంటే 20 లీటర్లు, మూడింతలంటే 60. కొత్త పద్ధతిలో నిమిషానికి అర లీటరుకు మించకుండా నెమ్మదిగా తోడుతూ పీహెచ్, కండక్టివిటీ, కరిగిన ఆక్సిజన్, మడ్డితనం కొలుస్తూ ఉంటారు. వరుసగా మూడు రీడింగులు దాదాపు ఒకేలా వచ్చాక సీసా పెడతారు.

ఇదే లెక్క ఇంటి బోరుకు వేసి చూడండి. ఆరున్నర అంగుళాల బోరులో 300 అడుగుల మేర నీళ్లు నిలిచి ఉంటే అవి దాదాపు రెండు వేల లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు రెండుసార్లు నిండితే గానీ ఆ నీళ్లు ఒక్కసారి మారవు. ట్యాంకు కింద కుళాయిలో పట్టిన నీళ్లైతే బోరు గురించి దాదాపు ఏమీ చెప్పవు. ట్యాంకు తుప్పు, పైపుల సీసం, ఎండకు ఆవిరైపోయిన సాల్వెంటు, అన్నీ కలిసిన కథ అది.

సీసా కూడా ఒకటే కాదు. సీసం, క్రోమియం లాంటి లోహాలకు ప్లాస్టిక్ సీసా సరిపోతుంది, అయితే లోహం గోడకు అంటుకోకుండా నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి. పురుగుమందులకు ముదురు రంగు గాజు సీసా. ఆవిరయ్యే సాల్వెంట్లకు 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా, అందులో ఒక్క గాలి బుడగ కూడా మిగలకూడదు. అన్నీ మంచు పెట్టెలో సుమారు 4 డిగ్రీల దగ్గర ల్యాబుకు చేరాలి. అదే బావి నుంచి ఇంకో పేరుతో రెండో సీసా ఒకటి పంపితే ల్యాబు పనితనం తెలుస్తుంది. శుభ్రమైన నీళ్లు నింపిన సీసా ఒకటి మిగతా వాటితో పాటే ప్రయాణం చేయిస్తారు. అందులో కూడా విషం కనిపిస్తే దారిలోనో ల్యాబులోనో తప్పు జరిగినట్టు.

ప్రతి సీసాకు బావి నంబరు, తేదీ, సమయం, తీసినవారి సంతకం ఉండాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో కాగితం మీద వరుసగా ఉండాలి. వోచరు లేని ఖర్చును ఆడిటరు ఒప్పుకోనట్టే, ఆ కాగితం తెగిన సీసాను ఎదుటివాళ్లు ఒప్పుకోరు.

మట్టి దాచుకునేది వేరు

నీళ్లు నడుస్తాయి, మట్టి నిలిచి ఉంటుంది. ఫ్యాక్టరీ మూసేసి పదేళ్లయినా సీసం, క్రోమియం అక్కడే ఉంటాయి. కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టి మీద నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. అందులో బయటపడింది కూడా భారలోహాల కాలుష్యమే. పటాన్‌చెరు మట్టి మీద అదే సంస్థ అంతకు ముందే పని చేసింది.

మట్టి తీయడంలో మొదటి ప్రశ్న, ఎవరి కోసం తీస్తున్నాం? పిల్లలు ఆడుకునే స్థలం అయితే పైపై మట్టే కావాలి, చేతులకు అంటి నోట్లోకి పోయేది అదే. సీసం విషయంలో పిల్లలే ముందు దెబ్బతింటారు. బావి నీళ్లకు ముప్పు ఉందా అన్నది తెలియాలంటే పై 15 సెంటీమీటర్లతో ఆగకుండా చేతి ఆగర్‌తోనో మెషీన్‌తోనో మీటరు మీటరుకు లోపలికి పోయి, నీటిమట్టం దాకా తీయాలి. పైన ఎక్కువ ఉండి కిందికి తగ్గుతూ పోతే పై నుంచి దిగుతున్నట్టు. పైన తక్కువ ఉండి కింద ఎక్కువ ఉంటే పాత గుంట మీద మట్టి కప్పేశారేమో చూడాలి.

రెండో ప్రశ్న, ఎన్ని చోట్ల? స్థలాన్ని గళ్లుగా విడగొట్టి గడికొకటి తీస్తారు. డ్రమ్ములు పెట్టిన చోటు, కాలువ ఒడ్డు, గడ్డి మొలవని చోటు లాంటి అనుమానపు జాగాల్లో అదనంగా తీస్తారు. ఖర్చు తగ్గించడానికి ఐదు గళ్ల మట్టి కలిపి ఒకే సంచిలో పంపడం మామూలే. కానీ నాలుగు శుభ్రంగా ఉండి ఒకటి పరిమితికి మూడింతలు ఉంటే, కలిపిన సంచిలో అది పరిమితి లోపలికి వచ్చేస్తుంది. రిపోర్టులో ‘కాంపోజిట్ శాంపిల్’ అని కనిపిస్తే ఎన్ని చోట్ల మట్టి కలిపారని అడగడం తప్పు కాదు.

మూడోది, పోల్చడానికి దూరంగా అదే రకం నేల నుంచి తీసిన మట్టి. నల్లరేగడిలో క్రోమియం, నికెల్ సహజంగానే ఎక్కువ, ఎర్రమట్టిలో అంత ఉండవు. ఫ్యాక్టరీ నల్లరేగడిలో ఉండి, పోల్చే మట్టి ఎర్రనేల నుంచి తెస్తే లేని కాలుష్యం ఉన్నట్టు కనిపిస్తుంది. తిరగేస్తే ఉన్నది మాయమవుతుంది.

భోపాల్‌లో ఒకే నేల, రెండు మాటలు

బావి ఎక్కడ ఉందన్న దాని మీద ఎంత ఆధారపడి ఉంటుందో భోపాల్‌లో చూడొచ్చు. 1984 గ్యాస్ ప్రమాదం అందరికీ తెలుసు. దానికంటే ముందు నుంచే యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ తన వ్యర్థాలను ఆవరణలోని గుంటల్లోనూ, బయట 1977లో కట్టిన ఆవిరి చెరువుల్లోనూ పోస్తూ వచ్చింది. 1999లో గ్రీన్‌పీస్ పరీక్షల్లో చుట్టుపక్కల బస్తీల నీళ్లలో కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి సాల్వెంట్లు బయటపడ్డాయి. 2009లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ మూడు కిలోమీటర్ల దూరంలో కూడా పురుగుమందులు దొరికాయని చెప్పింది.

ఆ మరుసటి ఏడు నాగపూర్‌లోని నీరి, హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ కలిసి చేసిన అధ్యయనం వచ్చింది. రెసిస్టివిటీ సర్వేలు, బోర్లు, మట్టి శాంపిళ్లు అన్నీ చేశారు. కింద మందపాటి బంకమట్టి పొర ఉంది కాబట్టి భూగర్భజలం మొత్తంగా చెడలేదని, ఈశాన్యం వైపు ఫ్యాక్టరీకి దగ్గరగా ఉన్న కొన్ని బావుల్లోనే పురుగుమందులు ఉన్నాయని అందులో రాశారు. అదే రిపోర్టు శుద్ధి చేయాల్సిన మట్టి 11 లక్షల టన్నులని కూడా లెక్కగట్టింది. మట్టి అంత చెడితే నీళ్లకు ఏమీ కాలేదా అని బాధితుల సంఘాలు అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాయి.

రెండు వైపులా ఉన్నది చదువుకున్న వాళ్లే. తేడా ఎక్కడంటే ఎన్ని బావులు, ఏ లోతు, ఏ కాలం, ఏ రసాయనాల పట్టికతో వెతికారు అన్న దగ్గర. బంకమట్టి పొర నిజంగా అడ్డుగోడే. కానీ దాన్ని పొడుచుకుంటూ దిగిన పాత బోర్లు, చేతిపంపులు ఎన్ని ఉంటే అన్ని చిల్లులు ఆ గోడకు ఉన్నట్టే. మన పారిశ్రామికవాడల్లో ఎండిపోయిన బోర్లు మూయకుండా వదిలేయడం ఎందుకు ప్రమాదమో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఈ వాదన తేలేలోపు జనం ఏం తాగాలి? 2004లోనే సుప్రీంకోర్టు ఆ బస్తీలకు శుభ్రమైన నీళ్లు ఇవ్వమంది, 2012లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో మూటకట్టి ఉంచిన 337 టన్నుల వ్యర్థాలను 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలించి, అక్కడ కాల్చేశారు. మట్టి మాత్రం అక్కడే ఉంది.

కాగితం మీద హక్కులు, చేతిలో ప్రశ్నలు

1974 నీటి కాలుష్య చట్టంలో ‘ప్రవాహం’ అంటే భూగర్భజలం కూడా వస్తుంది. బావిలోకో నేల మీదకో విషం వదలకూడదని 24వ సెక్షన్ చెబుతుంది. అదే చట్టంలో 21వ సెక్షన్ ఫ్యాక్టరీ మురుగునీటి శాంపిల్ ఎలా తీయాలో రాసింది. యజమానికి నోటీసు ఇవ్వాలి, ఆయన అడిగితే శాంపిల్‌ను రెండు భాగాలు చేయాలి, సీలు వేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ పద్ధతి తప్పితే ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. అర్ధరాత్రి కాలువలోంచి మనం పట్టిన సీసా ఫిర్యాదు చేయడానికి పనికొస్తుంది, శిక్ష వేయించడానికి చాలదు. కేసులు నడిచే తీరు కూడా తెలిసిందే. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు హైకోర్టు మీదుగా నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా రెండు దశాబ్దాలకు పైగా నడిచింది.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల మీద విడిగా రూల్స్ తెచ్చింది. వాటి ప్రకారం జనం ఫిర్యాదు మీద గానీ, సొంతంగా గానీ జిల్లా యంత్రాంగం అనుమానం ఉన్న స్థలాల జాబితా తయారు చేసి ఆరు నెలలకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, అవసరమైతే ఇంకో 90 రోజుల్లో వివరమైన సర్వే చేయాలి. కలుషితమని తేలితే శుద్ధి ఖర్చు చేసినవాళ్ల మీదే పడుతుంది. ఈ రూల్స్ వచ్చేనాటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103, వాటిలో శుద్ధి పని మొదలైనవి ఏడు. ఆ ఏడును చూసి ఉత్సాహపడలేం గానీ, కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి ఇప్పుడు ఒక గడువు, ఒక దారి ఉన్నాయి.

ఆ అర్జీ వెంట ఏం పెట్టాలి? బస్తీ చేయగలిగింది తక్కువేమీ కాదు. మీ వీధిలో ఉన్న బోర్లన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఎప్పుడు వేశారు, ఎంత లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు, నీళ్లు ఎక్కడ తగిలాయి. బోరు వేసిన మేస్త్రీకి ఇవి గుర్తుంటాయి, ఆయన ఫోను మార్చేలోపు అడగండి. వాసన, రంగు ఏ తేదీన, ఏ సమయంలో మారిందో రాయండి. చేతిలో పట్టే చిన్న మీటరుతో టీడీఎస్, పీహెచ్ నెలకోసారి చూసి పక్కన వేయండి. ఆ మీటరు సీసాన్నీ మందులనూ పట్టలేదు, కానీ ఒక బోరులో అంకె ఉన్నట్టుండి ఎగిరితే శాంపిల్ ఎప్పుడు, ఎక్కడ తీయాలో చెబుతుంది. ఫ్యాక్టరీ ఏం తయారు చేస్తుందో దాని అనుమతి పత్రాల్లో ఉంటుంది, సమాచార హక్కు కింద అడగొచ్చు. ఆ పేర్లు ల్యాబుకు ఇస్తేనే వాళ్లు వాటి కోసం వెతుకుతారు.

అధికారులు శాంపిల్‌కు వచ్చిన రోజు నలుగురు పెద్దలు అక్కడ నిలబడండి, వీలైతే పంచనామాలో సంతకం పెట్టండి. నీళ్లు ఎంతసేపు తోడారు, ఏ లోతు బావి, ఎగువన శాంపిల్ తీశారా, మంచు పెట్టె తెచ్చారా, ఏయే రసాయనాలు చూస్తున్నారు, ల్యాబుకు ఆ పరీక్షలకే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అని మర్యాదగా అడిగి, జవాబులు అక్కడికక్కడే రాసుకోండి. ఒక్కసారి తీసి వదిలేయకుండా నీటిమట్టం అడుగున ఉండే మే నెలలో ఒకసారి, వానలు వెళ్లాక అక్టోబరు, నవంబరుల్లో ఇంకోసారి అవే బావుల నుంచి తీయమని అర్జీలోనే రాయించండి. అంతవరకూ అనుమానం ఉన్న బోరు నీళ్లను తాగడానికీ వంటకూ వాడకండి. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ సీసం, క్రోమియం పోవు, నీళ్లు ఆవిరైన కొద్దీ అవి మరింత చిక్కబడతాయి.